కనకాంబరం రంగు కనకాంబరంలాగే కనిపించాలంటే: గ్రాఫిక్స్ పనికి ఏ మానిటర్ కొనాలి?

రెండేళ్ల కిందట, పెళ్లిళ్ల సీజన్‌కు ముందు, ధర్మవరం నుంచి ఒక పట్టుచీరల వ్యాపారి అనంతపురంలో మా దగ్గరికి వచ్చి కేటలాగ్ చేయించుకున్నారు. అందులో కనకాంబరం రంగు చీర ఒకటి ఉంది. నా పాత మానిటర్ మీద అది పాలిపోయినట్టు కనిపించింది. సాచురేషన్ పెంచాను, కాస్త ఎరుపు కలిపాను. నా తెర మీద బ్రహ్మాండంగా కుదిరింది. అదే ఫోటో జనం ఫోన్లకు చేరేసరికి పండు మిరపకాయ రంగైపోయింది. ఆర్డర్ పెట్టినవాళ్లలో ముగ్గురు చీర వెనక్కి పంపారు. ఆయన కోప్పడలేదు. చీర తెచ్చి నా టేబుల్ మీద పరిచి, "ఏం నాయనా, మేం నేసిందొకటి, నువ్వు చూపించిందొకటి" అన్నారు.

ఆ చీరను తెర పక్కన పెట్టి చూస్తే విషయం అప్పుడే అర్థమైంది. తప్పు ఫోటోది కాదు. నా మానిటర్ ఆ రంగును చూపించలేకపోతోంది. అది చూపించలేని రంగును నేను ఫోటోలోకి బలవంతంగా ఎక్కించాను. ఆ తర్వాత కొత్త మానిటర్ కోసం నాలుగు నెలలు వెతికాను. కర్నూలు, కడప, అనంతపురంలో డిజైన్ పని చేసే మిత్రులు చాలామంది ఇప్పటికీ "అన్నా, ఏది కొనాలి?" అని అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మీ పని చివరికి ఎక్కడికి చేరుతుంది?

మానిటర్ కంపెనీల ప్రకటనలు చూసే ముందు ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోండి. సగం గందరగోళం ఇక్కడే తీరిపోతుంది.

ఫ్లెక్స్ బ్యానర్లు చేసేవాళ్ల పని దూరం నుంచి, ఎండలో చూసేది. శుభలేఖలు, కరపత్రాలు, బ్రోచర్లు చేసేవాళ్లది నాలుగు రంగుల ఇంకుతో కాగితం మీదికి వెళ్లేది. పెళ్లి ఆల్బమ్‌లు చేసేవాళ్ల ఫైళ్లు ఫోటో ల్యాబ్‌కు వెళ్తాయి, చాలా ల్యాబ్‌లు ఎస్‌ఆర్‌జీబీ (వెబ్, ఫోన్లు వాడే మామూలు రంగుల పరిధి) జేపెగ్‌లే అడుగుతాయి. చీరల కేటలాగ్‌లు, ఇన్‌స్టా పోస్టులు, యూట్యూబ్ థంబ్‌నెయిల్స్ మాత్రం ఫోన్ల మీదే బతుకుతాయి. ఈ నాలుగు పనులకూ ఒకే మానిటర్ సరిపోవచ్చు. నాలుగింటికీ ఖరీదైనది మాత్రం అవసరం లేదు.

రంగుల పరిధి: అసలు చిక్కంతా ఇక్కడే

నిమ్మలకుంట తోలుబొమ్మలు చూసే ఉంటారు. మేకతోలును పలచగా, వెలుతురు దిగేలా తయారుచేసి రంగులేస్తారు. వెనక దీపం పెడితే ముందు తెర మీద బొమ్మ మెరుస్తుంది. మనం వాడే మామూలు మానిటర్ కూడా అలాగే పనిచేస్తుంది. వెనక ఎల్‌ఈడీ దీపం ఉంటుంది, దాని ముందు ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు ఉంటాయి. దీపంలో లేని రంగు ఫిల్టర్‌లోంచి రాదు. చవక మానిటర్‌లో ఎరుపు ఇటుక రంగులోకి, ఆకుపచ్చ ఎండుగడ్డిలోకి దిగిపోవడానికి కారణం ఆ దీపం, ఆ ఫిల్టర్లే. సెట్టింగుల్లో ఎంత తిప్పినా లేని రంగు రాదు.

మానిటర్ ఎన్ని రంగులు చూపగలదో కొలవడానికి మూడు కొలతలు ఎక్కువగా వినిపిస్తాయి.

ఎస్‌ఆర్‌జీబీని హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి 1996లో తెచ్చాయి. వెబ్, ఫోన్, ఫోటో ల్యాబ్ దాదాపు అన్నీ దీని మీదే నడుస్తున్నాయి. అడోబ్ ఆర్‌జీబీ 1998లో వచ్చింది. ఆకుపచ్చ, సయాన్ (నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు) వైపు ఇది ఇంకా విశాలంగా ఉంటుంది. ప్రింటింగ్ ఇంకు ఇవ్వగల కొన్ని సయాన్‌లు, పచ్చలు ఎస్‌ఆర్‌జీబీలో ఇమడవు, అడోబ్ ఆర్‌జీబీలో ఇముడుతాయి. డీసీఐ-పీ3 (క్లుప్తంగా పీ3) డిజిటల్ సినిమా కోసం పుట్టింది. ఎరుపు, నారింజ వైపు బాగా విశాలం. ఇప్పటి మంచి ఫోన్లు, ఐఫోన్లు, మ్యాక్‌లు దీని దగ్గర్లోనే ఉంటాయి.

ఇక్కడ ఒక మోసపు లెక్క ఉంది, జాగ్రత్త. కొన్ని బాక్సుల మీద "72 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటుంది. ఎన్‌టీఎస్‌సీ అనేది పాత టీవీ రంగుల కొలత. అందులో 72 శాతం అంటే వైశాల్యంలో దాదాపు ఎస్‌ఆర్‌జీబీతో సమానం, కాబట్టి ఫర్వాలేదు. "45 శాతం ఎన్‌టీఎస్‌సీ" అని ఉంటే మాత్రం ఎస్‌ఆర్‌జీబీలో మూడింట రెండు వంతులు కూడా గట్టిగా రాదు. చవక ల్యాప్‌టాప్‌లలో ఇదే ఎక్కువ. నా కనకాంబరం చీరను ముంచిందీ ఇలాంటి తెరే. అలాగే "125 శాతం ఎస్‌ఆర్‌జీబీ" అని రాసి ఉంటే సంబరపడొద్దు. అది మొత్తం వైశాల్యం లెక్క. ఎస్‌ఆర్‌జీబీ రంగులన్నీ అందులో ఉన్నాయని దాని అర్థం కాదు. "కవరేజ్" అన్న మాట కోసం చూడండి.

మిగతా కొలతలు

రంగులు ఎన్ని చూపిస్తుందన్నది ఒకటి, ఉన్నదున్నట్టు చూపిస్తుందా అన్నది ఇంకొకటి. రెండోదాన్ని డెల్టా ఈ అనే అంకెతో చెబుతారు. ఫైలులో ఉన్న రంగుకూ, తెర మీద వచ్చిన రంగుకూ ఉన్న తేడా అది. 2 కంటే తక్కువైతే మామూలు పనిలో కంటికి తేడా పెద్దగా దొరకదు. డిజైన్ మానిటర్లను ఫ్యాక్టరీలోనే సరిచేసి, చాలావాటికి బాక్సులో ఒక రిపోర్టు కాగితం పెడతారు. నా దృష్టిలో రంగుల పరిధి కంటే ఈ కాగితానికే విలువ ఎక్కువ.

ప్యానెల్ (తెర తయారైన రకం) విషయంలో ఎక్కువ ఆలోచించక్కర్లేదు. ఐపీఎస్ తీసుకోండి. టీఎన్ ప్యానెల్‌లో తల కొంచెం కిందికి దించితే రంగు మారిపోతుంది. వీఏలో నలుపు బాగుంటుంది, కాంట్రాస్ట్ (తెలుపుకూ నలుపుకూ ఉన్న వెలుతురు తేడా) 3000:1, ఆపైన కూడా ఉంటుంది. కానీ పక్క నుంచి చూస్తే రంగు పలుచబడుతుంది, కస్టమర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని డిజైన్ చూపించేవాళ్లకు అది ఇబ్బంది. మామూలు ఐపీఎస్ కాంట్రాస్ట్ 1000:1 చుట్టుపక్కల ఉంటుంది. ఐపీఎస్ బ్లాక్ అనే రకంలో అది 2000:1 నుంచి మొదలవుతుంది. ఓఎల్‌ఈడీలో (వెనక దీపం లేకుండా పిక్సెళ్లే వెలిగే తెర) నలుపు అద్భుతంగా ఉంటుంది కానీ, ఫోటోషాప్ టూల్‌బార్ రోజంతా ఒకేచోట వెలుగుతూ ఉంటే ఆ మచ్చ తెర మీద శాశ్వతంగా ఉండిపోయే ప్రమాదం ఉంది. రోజుకు పది గంటలు డిజైన్ పని చేసేవాళ్లకు నేను ఓఎల్‌ఈడీ చెప్పను.

సైజు, రిజల్యూషన్ దగ్గర మన ప్రాంతపు పనికి సంబంధించిన మాట ఒకటి ఉంది. శుభలేఖలు, కరపత్రాలు చేసే డీటీపీ సెంటర్లలో ఇంకా చాలామంది పేజ్‌మేకర్, అను ఫాంట్లతోనే పని చేస్తున్నారు. అంత పాత సాఫ్ట్‌వేర్ 4కే (3840×2160 పిక్సెళ్ల) తెర మీద సరిగా ఒదగదు. మెనూలు చీమల్లా కనిపిస్తాయి, విండోస్‌లో స్కేలింగ్ పెడితే అక్షరాలు మసకబారతాయి. మీ పనిలో పేజ్‌మేకర్ ఉంటే 24 అంగుళాల 1920×1200, లేదా 27 అంగుళాల 2560×1440 దగ్గర ఆగండి. కొత్త ఫోటోషాప్, ఇల్లస్ట్రేటర్, ఇన్‌డిజైన్ మాత్రమే వాడితే 4కే హాయిగా ఉంటుంది. 27 అంగుళాల్లో 1080పీ (1920×1080) మాత్రం వద్దు, పిక్సెళ్లు కంటికి కనిపిస్తాయి.

నాలుగు దారులు

| రకం | రంగులు | ఎవరికి | ధర అంచనా |
|---|---|---|---|
| మామూలు ఆఫీస్ ఐపీఎస్ | ఎస్‌ఆర్‌జీబీకి దగ్గర, సరిచేసి రాదు | నేర్చుకునేవాళ్లు, ఫ్లెక్స్ | 10 వేల అటూ ఇటూ |
| ఎస్‌ఆర్‌జీబీ డిజైన్ మానిటర్ | 100% ఎస్‌ఆర్‌జీబీ, సరిచేసి వస్తుంది | శుభలేఖలు, ఆల్బమ్‌లు, కేటలాగ్‌లు, సోషల్ మీడియా | 20–30 వేలు |
| విశాల రంగుల 4కే | పీ3 95% పైన | వీడియో, బ్రాండ్ డిజైన్, పెద్ద ఫోటో పని | 40 వేల పైన |
| ప్రింట్ కోసం చేసినవి | అడోబ్ ఆర్‌జీబీ 99% | ప్రెస్‌కు కలర్ మ్యాచింగ్ చేసేవాళ్లు | లక్ష దాటి |

ధరలు ఆఫర్లను బట్టి మారుతూనే ఉంటాయి, ఇవి స్థాయి తెలియడానికి మాత్రమే.

మామూలు ఆఫీస్ ఐపీఎస్. డిజైన్ నేర్చుకుంటున్న కుర్రాళ్లకు, ఫ్లెక్స్ మాత్రమే చేసే షాపులకు ఇది చాలు. ఫ్లెక్స్ మెషిన్, ఇంకు, షీటు మారితేనే రంగు మారిపోతుంది. అలాంటి చోట 30 వేలు తెరకు పెట్టడం దండగ. ఒక్క షరతు: 45 శాతం ఎన్‌టీఎస్‌సీ ఉన్నది వద్దు.

ఎస్‌ఆర్‌జీబీ డిజైన్ మానిటర్. నన్ను అడిగే పదిమందిలో ఏడెనిమిది మందికి నేను దీన్నే చెబుతాను. ఏసస్ ప్రోఆర్ట్ పీఏ248క్యూవీ 24 అంగుళాల మానిటర్, 1920×1200, 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ, డెల్టా ఈ 2 లోపు. మామూలు వెడల్పు తెర కంటే ఎత్తు కొంచెం ఎక్కువ కాబట్టి నిలువు శుభలేఖ, కరపత్రం పేజీ చూడటానికి బాగుంటుంది. పాత వీజీఏ పోర్టు కూడా ఉంది, పాత సీపీయూ ఉన్న షాపులకు అదొక సౌకర్యం. దీని అన్న పీఏ278క్యూవీ 27 అంగుళాలు, 2560×1440. నేను వాడుతున్నది ఇదే. బెన్‌క్యూ పీడీ2705క్యూ కూడా ఇదే కోవలోది. దానికి టైప్-సీ ఉంది, కొత్త ల్యాప్‌టాప్‌కు ఒకే కేబుల్ పెడితే చాలు.

వీటిలో ఉన్న లోటు కూడా చెప్పాలి. చిలకపచ్చ చీర, నెమలికంఠం చీర తెర మీద పూర్తిగా రావు. చిలకపచ్చ కొంచెం తగ్గుతుంది. నెమలికంఠం సంగతి వేరు. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు కావడం వల్ల చీర కదిలినప్పుడల్లా రంగు మారుతుంది. ఆ మెరుపును ఏ మానిటరూ ఒక్క ఫోటోలో పట్టలేదు. దానికి పది సెకన్ల వీడియో తీయడమే మేలు.

విశాల రంగుల 4కే. డెల్ యూ2723క్యూఈ ఐపీఎస్ బ్లాక్ ప్యానెల్‌తో 2022లో వచ్చింది, పీ3లో 98 శాతం చూపిస్తుంది. ఏసస్ పీఏ279సీఆర్‌వీ పీ3, అడోబ్ ఆర్‌జీబీ రెండింటిలోనూ 99 శాతం అని చెబుతుంది. చూడగానే మనసు పారేసుకునే తెరలివి. గండికోట లోయలో సాయంత్రం ఎండకు మెరిసే ఎర్రరాళ్ల ఫోటో ఇలాంటి తెర మీద చూసినప్పుడు ఆ నారింజ లోతు నాకు మొదటిసారి కనిపించింది.

అయితే చాలామంది మోసపోయేది కూడా ఇక్కడే. విశాల రంగుల మానిటర్‌ను తెచ్చి, విండోస్‌లో కలర్ ప్రొఫైల్ (ఆ తెర రంగులు ఎలా చూపిస్తుందో సిస్టమ్‌కు చెప్పే ఫైలు) పెట్టకుండా, మామూలు ఫోటో వ్యూయర్లో చూస్తే ఎస్‌ఆర్‌జీబీ ఫైలు మొత్తం సాగిపోయి కనిపిస్తుంది. ముఖాలు టమాటాల్లా అవుతాయి. డిజైనర్ అది నిజమనుకుని రంగు తగ్గిస్తాడు. ఆ ఫైలు కస్టమర్ ఫోన్‌లో చప్పగా పడుతుంది. నా కనకాంబరం కథే, తిరగేసి. ఈ మానిటర్లలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉంటుంది, పెట్టుకుంటే ఈ బాధ తీరుతుంది. కానీ చాలా మోడళ్లలో ఆ మోడ్ పెట్టగానే బ్రైట్‌నెస్ మార్చనివ్వదు. కొనే ముందు మీరు చూసే మోడల్‌లో ఇది ఎలా ఉందో రివ్యూల్లో చూసుకోండి. కలర్ మేనేజ్‌మెంట్ నేర్చుకోవడానికి ఓపిక ఉంటేనే ఈ దారిలోకి రండి. మ్యాక్‌బుక్ వాడేవాళ్లకు ఈ తలనొప్పి తక్కువ, మ్యాక్‌లో కలర్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ మొత్తానికీ పనిచేస్తుంది.

ప్రింట్ కోసం చేసినవి. బెన్‌క్యూ ఎస్‌డబ్ల్యూ272యూ, జపాన్ కంపెనీ ఐజో వారి కలర్‌ఎడ్జ్ సిరీస్ ఈ తరగతివి. తెర మొత్తం ఒకే వెలుతురు, చుట్టూ ఎండ పడకుండా హుడ్, సరిచేసిన లెక్కలు మానిటర్ లోపలే నిలిచే హార్డ్‌వేర్ కాలిబ్రేషన్. ఐజో సీజీ సిరీస్‌లో కొలిచే సెన్సర్ కూడా తెరలోనే ఉంటుంది. పుస్తకాల ముద్రణ, పెద్ద బ్రాండ్ల ప్యాకేజింగ్ పనిచేస్తూ, ప్రెస్‌లో నిలబడి ప్రూఫ్ పాస్ చేసేవాళ్లకు ఇవి డబ్బు తిరిగిస్తాయి. మన జిల్లాల్లో అలాంటి పని రోజూ ఉండేవాళ్లు తక్కువ. మీరు వాళ్లలో ఒకరైతే మీకు నా సలహా అక్కర్లేదు.

వంపు తిరిగిన గేమింగ్ మానిటర్ల గురించి కూడా అడుగుతుంటారు. సరళరేఖలు, బోర్డర్లు రోజంతా గీసే పనికి వంపు తెర నప్పదు. గేమ్స్ కోసం కొనుక్కోండి, డిజైన్ కోసం వద్దు.

డబ్బు మిగిలితే తెరకు కాదు, కాలిబ్రేటర్‌కు

మీ దగ్గర 40 వేలుంటే 40 వేల మానిటర్ కొనకండి. పాతిక వేల ఎస్‌ఆర్‌జీబీ మానిటర్ కొని, మిగిలిన దాంతో స్పైడర్ గానీ, కాలిబ్రైట్ గానీ ఒక కాలిబ్రేటర్ కొనండి. తెర మీద ఆనించి పెడితే అది రంగులు కొలిచి ప్రొఫైల్ తయారుచేస్తుంది. ఎల్‌ఈడీ దీపం వాడేకొద్దీ తగ్గుతుంది, రంగు మారుతుంది. ఫ్యాక్టరీ రిపోర్టు కొత్తగా ఉన్నప్పటిది. రెండేళ్ల తర్వాత ఆ కాగితం అబద్ధం చెబుతుంది. నెలకు రెండు నెలలకు ఒకసారి కొలుచుకుంటే చాలు. ముగ్గురు నలుగురు డిజైనర్లు కలిసి ఒకటి కొనుక్కుని తిప్పుకోవచ్చు, మేం అనంతపురంలో అలాగే చేస్తున్నాం. దానికి డిస్‌ప్లేకాల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. కొలిచే ముందు మానిటర్‌ను అరగంట ఆన్‌లో ఉంచండి. తెలుపు 6500 కెల్విన్, గామా (చీకటి నుంచి వెలుగుకు ఛాయలు మారే తీరు) 2.2, బ్రైట్‌నెస్ 120 నిట్స్ (వెలుతురు కొలత) దగ్గర పెట్టుకోండి.

ఆ చివరి అంకె చాలా ముఖ్యం. "సార్, తెర మీద బాగుంది, ప్రింట్ ముదురుగా వచ్చింది" అన్న ఫిర్యాదు ప్రతి ప్రెస్‌లోనూ వినిపిస్తుంది. ఎక్కువసార్లు ప్రెస్ తప్పు కాదు. మానిటర్ ఫ్యాక్టరీ నుంచి 250, 300 నిట్స్‌లో వెలుగుతూ వస్తుంది. కాగితం తనంతట తాను వెలగదు కదా. కాలిబ్రేటర్ లేకపోతే ఒక ఉపాయం చేయండి. తెర మీద ఖాళీ తెల్ల పేజీ తెరవండి. పక్కన తెల్ల ఏ4 కాగితం పట్టుకోండి. రెండూ ఒకేలా కనిపించేదాకా బ్రైట్‌నెస్ తగ్గించండి. చాలామందికి అది 30 శాతం దగ్గర ఆగుతుంది. మొదటి రెండు రోజులు తెర చీకటిగా ఉన్నట్టు అనిపిస్తుంది, తర్వాత అలవాటైపోతుంది.

ఈ లెక్క నిలవాలంటే గది కూడా సహకరించాలి. మన దగ్గర షాపు షట్టర్ ఎత్తితే ఎండ నేరుగా తెర మీద పడుతుంది. తెరను షట్టర్‌కు అడ్డంగా, పక్క గోడవైపు తిప్పండి. మానిటర్ వెనక గోడకు గులాబీ, ఆకుపచ్చ రంగులుంటే కన్ను మోసపోతుంది. తెలుపో, బూడిద రంగో వేయించండి. కరెంటు పోయి వచ్చేటప్పుడు వోల్టేజ్ ఎగిరిపడే వీధుల్లో యూపీఎస్ లేకుండా మంచి మానిటర్ పెట్టొద్దు.

కొనేటప్పుడు

మన ఊళ్ల షాపుల్లో డిజైన్ మానిటర్లు డిస్‌ప్లేకు పెట్టడం అరుదు. అనంతపురం వాళ్లు బెంగళూరు ఎస్‌పీ రోడ్డుకు, కర్నూలు వాళ్లు హైదరాబాద్‌కు, కడప వాళ్లు చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లే పని ఉంటే అక్కడ కళ్లతో చూడొచ్చు. వెళ్లేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో మూడు ఫైళ్లు పట్టుకెళ్లండి: నలుపు నుంచి తెలుపు దాకా నెమ్మదిగా మారే బూడిద రంగు పట్టీ, మీకు తెలిసిన మనిషి ముఖం ఫోటో, మీరే తీసిన ఒక చీర ఫోటో. వీలైతే ఆ చీర కూడా. బూడిద పట్టీలో గులాబీ, పచ్చ ఛాయలు కనిపించినా, మెట్లుమెట్లుగా చీలినా ఆ పీస్ వద్దనండి. షాపులో బ్రైట్‌నెస్ నిండుగా, వివిడ్ మోడ్‌లో పెట్టి చూపిస్తారు. ముందు ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌కు మార్చమని అడగండి.

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే, కంపెనీ సర్వీస్ మీ పిన్‌కోడ్‌కు ఇంటికొచ్చి చేస్తుందో, మానిటర్‌ను మీరే బెంగళూరుకు పంపాలో ముందే కనుక్కోండి. వచ్చిన రాత్రే గదిలో లైట్లన్నీ ఆర్పి, తెర మీద పూర్తి నలుపు పెట్టండి. మూలల్లో పసుపు వెలుతురు కారుతోందేమో, వెలిగిపోయిన చుక్క ఏదైనా ఉందేమో చూడండి. ఆ తర్వాత పూర్తి తెలుపు, పూర్తి ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటి పెట్టి చూడండి. నాకు మొదట వచ్చిన మానిటర్‌లో కుడివైపు కింద మూల పసుపుగా ఉంది. నాలుగో రోజు మార్చి ఇచ్చారు. అందుకే రిటర్న్ గడువు దాటేదాకా ఆ బాక్సు, లోపలి థర్మాకోల్ పారేయకండి.